వాగుకు దారి, గనికి బాట

గని యనగానే మనకు భూగర్భమే జ్ఞప్తికి వచ్చును. చీకటి సొరంగములు, బొగ్గుపొరలు, నెత్తిన దీపము ధరించిన కార్మికులు కన్నుల యెదుట నిలుతురు. అపాయమంతయు అచ్చటనే ఉన్నదని తలంతుము. అది కొంతవరకు నిజమే. కాని గని బ్రదుకు భూమి పైనున్న మరియొక దానిపై కూడ ఆధారపడి యున్నది. అది గనికి పోవు బాట. పనివారు పోవలెనన్నను, బొగ్గు బయటికి రావలెనన్నను, గాయపడిన వానిని ఆసుపత్రికి చేర్చవలెనన్నను, రక్షక దళము గనికడకు పరుగెత్తవలెనన్నను ఆ బాటయే శరణ్యము. ఆ బాటకు బలమెంత యని యెవరైన అడిగినచో, దాని క్రింద వాగును దాటించు తూమునకు ఎంత బలమో అంతయే యని చెప్పవలసి యున్నది.

ఈ తూమునే ఇంజనీర్లు కల్వర్టు అందురు. తెలంగాణమున మోరీ యనియు వాడుక కలదు. చూచుటకు అల్పమైన కట్టడము. బస్సులో పోవువారు రెండు ప్రక్కల మోకాలెత్తు పిట్టగోడను చూచి అచ్చట తూము కలదని తెలిసికొందురు. అంతకు మించి దానిని తలచు అవసరము వారికి కలుగదు. కలిగిన దినమున బస్సు ఆ తావును దాటదు. ఈ చిన్న కట్టడమును ఎట్లు కట్టవలెనో, ఎందుకు కట్టవలెనో నేడు మనము విచారింతము.

ఇందుకు గోదావరి లోయకంటె దూరము పోనక్కరలేదు. 1871లో భారత భూగర్భ పరిశోధన శాఖకు చెందిన డాక్టరు కింగు యెల్లందు దాపున బొగ్గు కలదని కనుగొనెను. 1889లో అచ్చట త్రవ్వకము మొదలైనది. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడినది. నేడు ఆ సంస్థ గనులు కొమరం భీం ఆసిఫాబాదు, మంచిర్యాల, పెద్దపల్లి, జయశంకర్ భూపాలపల్లి, భద్రాద్రి కొత్తగూడెం, ఖమ్మం జిల్లాలలో వ్యాపించి యున్నవి. ఇది అడవులు, గుట్టలు, వాగులు గల ప్రదేశము. ఏటా ఇంచుమించు 1000 మిల్లీమీటర్లు, తావును బట్టి అంతకు మించియు వాన కురియును. అందులో అధిక భాగము జూన్ నుండి సెప్టెంబరు వరకు గల నాలుగు నెలలలోనే పడును. తక్కిన కాలమున చిన్న వాగులు ఇసుకగా పడియుండును. వేసవిలో బాట వేయ వచ్చినవానికి అచ్చట వాగు కలదనియే తోచదు. అతడు చేయు మొదటి పొరపాటు ఇదియే.

వాగు నిద్రించునే గాని తన దారిని మరువదు. 2023 జులై 27వ తేదీ ఉదయముతో ముగిసిన 24 గంటలలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్ల వాన నమోదైనది. ఏడాది పొడవున కురియవలసిన వానలో ఇంచుమించు సగము ఒక్క దినమున పడినది. ఆ వానలకే పొరుగున నున్న భూపాలపల్లి జిల్లాలో మోరంచ వాగు పొంగి మోరంచపల్లి గ్రామమును ముంచినది. ఇండ్ల కప్పులపై నిలిచిన జనమును రక్షింపవలసి వచ్చినది. అంతటి వానకు ఏ చిన్న తూమును చాలదు. అయినను అట్టి దినమొకటి రాగలదని యెరిగి కట్టిన బాటకును, ఎరుగక కట్టిన బాటకును తేడా చాల కలదు. మొదటిది నీటిలో మునిగి మరల తేలును. రెండవది కొట్టుకొనిపోవును.

బాటకు నీరు మూడు విధముల శత్రువగును. పైనుండి పడునది మొదటిది. ప్రక్కనుండి పారి వచ్చునది రెండవది. అడ్డముగా దాటిపోవునది మూడవది. మూడింటికిని మూడు వేర్వేరు ఉపాయములు కలవు. ఒకదానితో మరియొకటి తీరదు.

పైన పడు నీటికి ఉపాయము వాలు. బాట నడిమి భాగము కొంచెము ఎత్తుగను, అంచులు పల్లముగను ఉండవలెను. 10 మీటర్ల వెడల్పు గల మొరపు బాటకు 25కు ఒకటి చొప్పున వాలు నిచ్చినచో, నడుము అంచులకంటె 20 సెంటీమీటర్లు ఎత్తుగ నుండును. ఆ వాలు చెడినచో గుంటలలో నీరు నిలుచును. చక్రము ఆ నీటిని క్రిందికి త్రొక్కును. నీరు అడుగు మట్టిలో చేరిన పిమ్మట పైన ఎంత కంకర పోసినను నిలువదు. నల్లరేగడి నేలలో ఈ బాధ రెట్టింపగును. రేగడి ఎండకు బీటలు వారి రాయివలె నుండును; తడిసినంతనే ఉబ్బి మెత్తబడును. అందుచేతనే పల్లపు తావులలో బాటను కట్టపై లేపుదురు. బరువును మోయు అడుగు మట్టిపొర, వరద మట్టముకంటె కనీసము 0.6 మీటరు ఎత్తున నుండవలెనని రోడ్డు ఇంజనీర్లు నియమముగ పాటింతురు.

ప్రక్కనుండి వచ్చు నీటికి ఉపాయము ప్రక్కకాలువ. గుట్టను చెక్కి బాట వేసిన చోట, చెక్కుడునకు ఎగువన మరియొక కాలువ కూడ త్రవ్వి, గుట్ట నీరు బాటపై పడకమునుపే దానిని మళ్ళింపవలెను. ఉపరితల గని చుట్టును ఇట్టి కాలువనే దండవలె త్రవ్వుదురు. దానికి గార్లండు కాలువ యని పేరు. ప్రక్కకాలువలో నీరు సాగిన కొలది పెరుగును. వాలు హెచ్చైన తావున దానికి వేగమును కలిగి కాలువ అడుగునే కోసివేయును. అందుచే కాలువను చాల దూరము ఒకే పట్టున పోనీయరాదు. నడుమ నడుమ చిన్న తూములు పెట్టి ఆ నీటిని బాట క్రిందుగా దిగువకు విడిచివేయవలెను. కాలువ త్రవ్వి తూములు పెట్టని బాట తనకు తానే వాగును పెంచుకొన్నట్లు.

ఇక అడ్డముగా దాటు నీరు. తూము నిజమైన పని ఇచ్చటనే. ఎంత నీరు వచ్చునో ముందుగ తెలియనిదే తూము వెడల్పు తెలియదు. ఈ లెక్క కఠినమైనది కాదు. ఒక హెక్టారు నేలపై గంటకు 1 సెంటీమీటరు చొప్పున వాన కురిసి, ఆ నీరంతయు పారినచో, అది గంటకు 100 ఘనపు మీటర్లగును. అనగా సెకండునకు సుమారు 28 లీటర్లు. ఇప్పుడు 80 హెక్టార్ల నీటిని తెచ్చు ఒక చిన్న వంకను తలచుకొందము. గంటకు 6 సెంటీమీటర్ల తీవ్రతతో వాన వచ్చినదనుకొందము. పడిన నీరంతయు పారినచో సెకండునకు 13 ఘనపు మీటర్లకు పైబడును. కాని అంతయు పారదు. అడవి నేలలో ఆకులు, వేళ్ళు, చెదపుట్టలు కొంత త్రాగును. పదింట మూడు వంతులు మాత్రమే పారినదనుకొన్నచో వంకలో వచ్చునది సెకండునకు 4 ఘనపు మీటర్లు.

ఇచ్చట ఒక సూక్ష్మము కలదు. చిన్న వంకకు దినమంతయు కురియు ముసురుకంటె అరగంట కురియు జడివాన ఎక్కువ ప్రమాదకరము. వంక మొదట పడిన చుక్క తూమువద్దకు చేరు వేళకు, తూము దాపున పడిన చుక్కయు దానితో కలిసినచో అప్పుడే వరద పతాకస్థాయి నందును. అందుచే దూరపు చుక్క వచ్చుటకు పట్టు కాలమెంతయో చూచి, అంత కాలములో ఎంత తీవ్రమైన వాన రాగలదో దానినే లెక్కలోనికి గైకొందురు. పెద్ద వాగుల సంగతి వేరు. విశాలమైన నేలపై అన్ని చోట్ల ఒకే తీరున వాన పడదు. మదరాసు ప్రాంతమున పుట్టిన రైవ్స్ సూత్రము ప్రకారము నీటిని తెచ్చు నేల ఎనిమిది రెట్లు పెరిగినచో వరద నాలుగు రెట్లే పెరుగును. హైదరాబాదు రాజ్యమున ప్రధాన ఇంజనీరుగ నుండి, నిజాంసాగరమును నిర్మింపజేసిన నవాబు అలీ నవాజ్ జంగు బహద్దరు కూడ ఈ ప్రాంతపు నదులకు తగిన సూత్రమొకటి కూర్చినారు. వారి జన్మదినమైన జులై 11వ తేదీని తెలంగాణమున ఇంజనీర్ల దినోత్సవముగ జరుపుకొనుచున్నారు.

మన వంకకు మరలుదము. 1.2 మీటర్ల అడ్డుకొలత గల గొట్టములో నీరు సెకండునకు 2 మీటర్ల వేగమున పారినచో ఒక గొట్టము 2.26 ఘనపు మీటర్లను దాటించును. రెండు గొట్టములు 4.5 దాటించును. 4 ఘనపు మీటర్ల వరదకు ఇవి చాలును. బాట వేయువాడు సంతోషించి రెండు గొట్టములు పెట్టి పోవును. పది వర్షాకాలములు నిశ్చింతగా గడచును. ఈలోగా గని పెరుగును. అడవి పోవును. బొగ్గుపై నున్న మట్టిని త్రవ్వి తెచ్చి వంక ఎగువన గుట్టలుగ పోయుదురు. ఆ మట్టిగుట్టపై చెట్టు లేదు, ఆకు లేదు, నీటిని త్రాగు నేల లేదు. పదింట మూడు వంతులు పారెడి నీరు ఇప్పుడు ఆరు వంతులు పారును. వాన పెరుగలేదు, వంక పొడవు పెరుగలేదు, అయినను వరద 8 ఘనపు మీటర్లైనది. పైగా నున్నని వాలుపై నీరు త్వరగా దిగును గనుక, తక్కువ కాలపు జడివానయే చాలి, తీవ్రత మరింత హెచ్చును. దానికి తోడు మట్టి. ఆ మట్టి గొట్టములలో పేరుకొని సగము మూసివేయును. అంతకుముందు చాలిన తూము ఇప్పుడు ఆనకట్టయైనది.

అందుచే గని బాటకు తూము కట్టువాడు నేడు కనిపించు వాగును మాత్రమే చూడరాదు. గని చివరి యేట ఆ వాగు ఎట్లుండునో ఊహించి కట్టవలెను. పై వంకకు 3 మీటర్ల వెడల్పు, 2 మీటర్ల ఎత్తు గల పెట్టె తూము కట్టినచో, అదే వేగమున 8 ఘనపు మీటర్ల వరదయు 1.33 మీటర్ల లోతున పారి, పైన చెట్లకొమ్మలు పోవుటకు చోటు మిగులును. గొట్టములే పెట్టదలచినచో పెద్దవి పెట్టుట మేలు. గొట్టము అడ్డుకొలత రెట్టింపైనచో, ఒకే వాలున అది మోయు నీరు రెట్టింపు కాదు, ఆరు రెట్లకు మించును. చిన్న గొట్టముతో చేసిన పొదుపు ఎంత నష్టమో దీనిచే తెలియగలదు. మనిషి వంగి లోనికి పోయి పూడిక తీయగలిగినంత వెడల్పు ఉండుట మరియొక లాభము. పారతో తీయరాని పూడిక గల తూము ఉండియు లేనట్లే.

ఎంతటి వరదకు కట్టవలెను? 25 ఏండ్ల వరదకు కట్టితిమని ఇంజనీరు చెప్పినపుడు, ఇక 25 ఏండ్ల వరకు భయము లేదని వినువారు తలంతురు. ఆ మాటకు అర్థము అది కాదు. అంతటి వరద ఏ యేటనైనను వచ్చుటకు నూటికి నాలుగు పాళ్ళు అవకాశము కలదని మాత్రమే దాని భావము. వచ్చే యేడే రావచ్చును. పది ఏండ్లలో ఒకమారైన వచ్చు అవకాశము మూడింట ఒక వంతు. 20 ఏండ్లు నడచు గనికి అది సగమునకు మించును. నూరేండ్ల వరదకు కట్టినను 20 ఏండ్లలో అది దాటు అవకాశము నూటికి 18 పాళ్ళు ఉండును. ఆసుపత్రికి మరియొక దారి గల గనికి ఒక లెక్క. ఒక్కటే దారి గల గనికి ఒక లెక్క. ఆ తేడాను ఖర్చు పట్టికలో వ్రాయుట కష్టము. కాని లోపలి షిఫ్టులో తండ్రియో అన్నయో ఉన్న ఇంటివారికి అది బాగుగ తెలియును.

బరువు సంగతియు చెప్పవలెను. సాధారణ రోడ్డుపై నాలుగు టైర్లు గల ఒంటి ఇరుసుపై 11.5 టన్నులకు మించి మోపరాదని 2018 నుండి మన దేశమున నియమము. ఉపరితల గని లోపల తిరుగు పెద్ద డంపరు బొగ్గుతోనో మట్టితోనో నిండినపుడు మొత్తము బరువు 150 టన్నులు మించవచ్చును. అందులో సుమారు మూడింట రెండు వంతులు వెనుక ఇరుసుపై పడును. అనగా ఒక్క ఇరుసుపై నూరు టన్నులు! ఊరి బాట తూము ఇట్టి బరువును ఎరుగదు. గొట్టముపై మట్టి కప్పు పలుచనైనచో చక్రపు బరువు తిన్నగా గొట్టముపై పడి అది పగులును. కప్పు మందమైన కొలది బరువు విశాలముగ పరచుకొనును. కావున డంపర్ల బాటకును, లారీలు, బస్సులు తిరుగు బాటకును తూములను వేర్వేరుగ లెక్కించి కట్టవలెను. ఒకదానికి కట్టిన తూముపై మరియొక బండిని తోలరాదు.

చాలినంత వెడల్పు ఉన్నను, ఉనికి చెడినచో తూము నిలువదు. అది వాగు పారు దిక్కుననే ఉండవలెను. బాటకు సూటిగ నుండుటకై వాగును వంచినచో, వరద వచ్చినపుడు వాగు తన పాత మలుపునే వెదకికొని కట్టను కోయును. తూము అడుగు వాగు అడుగుతో సమముగ నుండవలెను. ఎత్తైనచో ఎగువన నీరు నిలుచును. పల్లమైనచో ఇసుక నిండును. గొట్టము వెలుపలి ప్రక్కన మట్టిని పొరలుపొరలుగ దిమ్మిస చేయనిచో, నీరు గొట్టములో పోక దాని వెంబడి పోవును. మొదట కన్నము, పిదప గుహ, ఆ పిదప బాటలో గొయ్యి. దీనిని ఆపుటకే ముందు వెనుకల గోడలను నేలలోనికి లోతుగ దింపుదురు. దిగువన నీరు వడిగా బయటపడి వాగు అడుగును త్రవ్వును. అచ్చట పెద్ద రాళ్ళతో పరుపు వేసి దాని వడిని విరువవలెను.

ఇన్ని చేసినను ఒకనాడు తూము నిండును, లేదా చెట్టుబోదె అడ్డుపడి మూతపడును. అప్పుడు నీరు ఎటు పోవును? ఈ ప్రశ్నను కట్టునాడే వేసికొనవలెను. బాట ఏకవాలుగ నున్నచో, పొంగిన నీరు బాటనే కాలువగ జేసికొని ఫర్లాంగుల కొలది కోసికొని పోవును. తనది కాని మరియొక వంకలో పడి దానిని కూడ పొంగించును. తూమువద్ద బాటను కొంచెము పల్లముగ జేసి, ఆ పల్లమునకు రాతితోనో కాంక్రీటుతోనో పరుపు వేసినచో, నీరు అచ్చటనే పొర్లి తన వాగులోనే పడును. మన పెద్దలు కట్టిన చప్టా యుక్తి ఇదియే. బాట కొన్ని గంటలు ఆగును గాని పోదు.

చప్టా ఉన్న తావున మన బాధ్యతయు ఉన్నది. వడిగా పారు నీరు 15 సెంటీమీటర్లున్నను పెద్ద మనిషిని పడగొట్టగలదు. 30 సెంటీమీటర్లకు చిన్న కారు తేలును. 60 సెంటీమీటర్లకు చాల వాహనములు కొట్టుకొనిపోవును. నీటి క్రింద బాట ఉన్నదో పోయినదో పైనుండి చూచువానికి తెలియదు. కొలత రాయి కనిపించునంతవరకు, ప్రవాహము తగ్గునంతవరకు ఆగుటయే వివేకము. షిఫ్టుకు ఆలస్యమైన ఒక దినపు కూలి పోవును, అంతే.

గని ముఖద్వారపు అతి పల్లపు భాగము అత్యున్నత వరద మట్టముకంటె 1.5 మీటర్లు తక్కువ కాకుండ ఎత్తున నుండవలెనని బొగ్గు గనుల నిబంధనలు చెప్పుచున్నవి. మంచి నియమమే. కాని గని నోరు వరదకు పైనుండి, దానికి చేరు బాట వరదలో నున్నచో ఆ నోటికి చేరుట యెట్లు? ఆ వరద మట్టమును తెలిసికొనుటకు యంత్రములు మాత్రమే చాలవు. వాగు గట్టున పశువులు కాచు వృద్ధుని అడుగవలెను. ఏ యేట నీరు ఏ చెట్టు మొదలు తాకినదో, ఏ గుడి మెట్టు ఎక్కినదో అతడు చెప్పగలడు. వరదకొలత లేని చిన్న వాగులకు ఇంజనీర్లు ఇట్టి సాక్ష్యమును ఆదరముతో గైకొందురు.

అతనిని అడుగుటకు మరియొక కారణమును కలదు. తూము ఇరుకైనచో ఎగువన అతని చేను మునుగును. తూము గుండా మట్టినీరు పారినచో దిగువన అతని చెరువు పూడును. ఒకదాని అలుగు నీరు మరియొక దానిలో చేరునట్లు మన పూర్వులు గొలుసుగా కట్టిన చెరువులు ఈ ప్రాంతమున ఎన్నియో కలవు. మట్టిగుట్టల నీటిని ఒక కుంటలో నిలిపి, మట్టి అడుగుకు చేరిన పిమ్మట తేట నీటినే వాగులోనికి విడుచుట అందుకే అవసరము. గని 20 ఏండ్లో 30 ఏండ్లో నడచి మూతపడును. డంపర్లు పోవును. తూము మిగులును, ఊరు మిగులును. అప్పుడు పూడిక తీయువారెవరో ఇప్పుడే నిర్ణయింపవలెను.

ఈ కార్యమంతటికిని కాలము మే మాసము. తొలకరికి ముందే ప్రక్కకాలువలలోని మట్టి తీయవలెను. తూము ముఖమున చేరిన కంపలు తొలగింపవలెను. దిగువ రాతి పరుపులో కదలిన రాళ్ళను సర్దవలెను. మొదటి పెద్దవాన కురిసిన మరునాడు పోయి మరల చూడవలెను. ఎచ్చట తప్పు కలదో నీరే చూపి పోవును. దీనికి కావలసినవి పారలు, గంపలు, నలుగురు మనుష్యులు, శ్రద్ధ గల ఒక అధికారి. తెగిన బాటను మరల వేయుటకగు ఖర్చుతో దీనిని పోల్చనే కూడదు.

బాటకు ముందు వాగు ఉన్నది. గని మూతపడిన పిమ్మటను వాగు ఉండును. నడుమ కొంత కాలము మనము దాని దారికి అడ్డముగా మన దారిని వేసికొనుచున్నాము. ముందుగ దాని దారిని దానికి విడిచి, పిమ్మట మన దారిని వేసికొన్నచో అది మన బాటను మననిచ్చును. ఆ రాత్రి వానలో గనినుండి ఇంటికి బయలుదేరినవాడు ఇల్లు చేరును.